కొంగు అట్టలతో కట్టిన తోరణం

పోయిన నెల మా పెరట్లో జరిగింది చెప్తా వినండప్పా. తప్పు నాది, చెప్పేదీ నేనే. మీరు నవ్వేది ఒక్కటే బాకీ!

ఫోన్లో ఒక వీడియో చూసినా. ఇంట్లో పనికిరాని సామాన్లతో తోట ఎంత చక్కగా చేసినారో! పొద్దున్నే నేనూ మొదలుపెట్టినా. పగిలిన మిక్సీ జార్లో నాచుపూల మొక్క పెట్టినా. చిల్లిపడిన బకెట్‌కి రంగేసినా. ఇంకేం దొరుకుతుందా అని అటక ఎక్కితే, మగ్గం అట్టల కట్ట కనపడింది. చీరలో డిజైను రావాలంటే మగ్గం మీద వరసగా తిరిగే తూట్ల అట్టలు. దుమ్ము పట్టి ఉండాయి. పాతవేలే అనుకున్నా. దారాలు కత్తిరించి, అన్నిటినీ విడదీసి చెట్ల మధ్య తోరణం కట్టినా. తూట్లలోంచి ఎండ పడి నేలంతా చుక్కల ముగ్గే!

అప్పుడే లోపల్నించి మా ఇంటామె లక్ష్మీదేవి కేక. "ఏమయ్యా, అటక మీద కొంగు అట్టలు యాడ?"

తోరణం వైపు చూసినా. చీర వొళ్లుకి ఒక సెట్టు, కొంగుకి ఇంకో సెట్టు. పుట్టినప్పట్నుంచీ మగ్గాల మధ్యే ఉన్నోణ్ణి, నాకు తెలీదా? తెలుసు. ఆ పొద్దు తలకాయలో తోట తప్ప ఇంకేం ల్యా!

ఆమె బయటికొచ్చి తోరణం చూసింది. నన్ను చూసింది. ఇరవై దినాల్నుంచి ఆమె నేస్తాండే పెళ్లి చీరకి కొంగు ఒక్కటే మిగిలింది, ఆ అట్టలు దానికే. అంతలో పెళ్లికూతురి అత్త ఫోను. "లక్ష్మక్కా, హిందూపురంలో రైలెక్కినాం, మీ ఇంటికే వస్తాండాం. కొంగు మగ్గం మీద చూస్తేనే చీర మాది. ల్యాకుంటే వేరే చోట చూసుకుంటాం."

ఇంక చూడండి! అట్టలు లాగేది, నంబర్లు చూసేది, వరసగా పేర్చేది. పక్కింటి సుబ్బమ్మవ్వ అద్దాలు పెట్టుకోనొచ్చి కుట్టనీకి కూర్చుంది. "తోరణం బాగుండాదిలే చెన్నప్పా, పెండ్లి ఎవురిది?" అని దెప్పుతాంది. మళ్లీ ఫోను. "పెనుకొండ దాటినాం!"

అన్నీ దొరికినాయి, నలభయ్యోది ఒక్కటి తప్ప.

"అది ల్యాకుంటే కొంగులో హంసకి మెడ రాదయ్యా!" అంటా లక్ష్మీదేవి కట్టని మళ్లీ మొదట్నించీ లెక్కపెట్టింది.

చెట్ల కింద, కుండీల్లో, కడాకు పక్కింటి మేక నోట్లో కూడా చూసినా. ల్యా!

గేటు కాడ ఆటో ఆగింది. పెళ్లికూతురు గట్టిగా చదువుతాంది. "చెన్నప్ప గారి పూలతోట... అత్తా, ఇదే ఇల్లు! బోర్డుకి ఇన్ని తూట్లేందో?"

అందరూ నా వైపు తిరిగినారు. పొద్దున ఆ అట్టలన్నిట్లో మొట్టమొదట నేను పేరు రాసి గేటుకి కట్టింది అదేనప్పా! భయంలో గుర్తే రాల్యా.

లక్ష్మీదేవి బోర్డు పెరికి, రంగుతో పూడిన తూట్లని సూదితో పొడిచి తెరిచి, అట్టని వరసలో కుట్టింది. ఒక్కో పోటూ నాకే తగిలినట్టుండాది. వాళ్లు కాఫీ తాగి ముచ్చట్లాడే లోపల మగ్గం మీద హంస మెడ ఎత్తింది. పెళ్లికూతురి మొకం వెలిగిపోయింది. చీర ఖాయం!

వాళ్లు పోయినాక మెల్లగా అడిగినా. "తోటకి ఇంగేమన్నా తీసుకోవచ్చా?"

లక్ష్మీదేవి నా హెల్మెట్ తెచ్చి చేతిలో పెట్టింది. "దీంట్లో మట్టి పోసుకో. నువ్వు తలకి పెట్టుకున్నా ఇన్నేండ్లూ ఖాళీగానే ఉండాది కదా."

ఇప్పుడు దాంట్లో పుదీనా భలే వస్తాంది!