బావగారి ఎడమ బూటు

బూట్ల మేస్త్రి చక్కెరనూ సిగరెట్టునూ విడివిడిగా మానడానికి చేసిన ప్రయత్నాలు చరిత్రకెక్కదగినవి. ఒంట్లో ఉన్నదాన్ని షుగర్ అనీ, డబ్బాలో ఉన్నదాన్ని చక్కెర అనీ పిలవడం వల్ల ఆ రెంటికీ చుట్టరికం లేదని ఆయన చాలాకాలం నమ్మాడు. ఆ నమ్మకం పోయాక యుద్ధం మొదలైంది. సిగరెట్టు మానితే నోరు ఊరుకోక పిప్పరమెంట్ల మీద పడ్డాడు. షుగర్ ఆకాశానికెక్కి కూర్చుంది. చక్కెర మానితే ఆ వెలితి పూడ్చడానికి పెట్టె సిగరెట్లు రెండు పెట్టెలయ్యాయి. ఒకణ్ణి జైల్లో వేస్తే రెండోవాడు జామీను ఇచ్చి విడిపించుకుపోతున్నాడు. చివరికి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన ఎడమకాలి బొటనవేలి కింద పుండును చూసి, ఇద్దరినీ ఒకేసారి లోపలేయమని తీర్పు చెప్పింది.

"ఇది మానుతుందా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"మీరు మానితే అది మానుతుంది," అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ.

ఇంత పొదుపైన వైద్యం ఏ గ్రంథంలోనూ ఉండదు. తాగేవాడికీ, తాగితే ముదిరే పుండుకీ కలిపి ఒకటే మాట.

"మానకపోతే?"

"వేలితో మొదలవుతుంది."

ఎక్కడ ఆగుతుందో ఆయన అడగలేదు. ఆయన బావ విషయంలో కోత మోకాలి కింద ఆగింది. కొన్నాళ్లు మాత్రమే ఆగింది.

పుండు ఎలా వచ్చిందో చెప్పుకుంటే వృత్తికే తలవంపులు. మనిషి కొలతకు బూట్లు కుట్టడం మేస్త్రి పని. పనిలో కూర్చుంటే పెదాల ఒక మూల సిగరెట్టు, రెండో మూల చిన్న మేకులు. ఒకనాడు ఓ మేకు జారి ఆయన చెప్పులోనే పడింది. పొద్దస్తమానం దాని మీదే నడిచాడు. షుగర్ వల్ల ఆ పాదానికి స్పర్శ ఎప్పుడో పోయింది. సాయంత్రం చెప్పు విప్పబోతే అది రాలేదు. మేకుతో కాలికి బిగిసిపోయి ఉంది.

"ఊళ్లో అందరి పాదాలూ తెలుసు మీకు. మీ పాదం ఒక్కటే తెలీదు," అంది ఆయన భార్య దూదితో రక్తం అద్దుతూ.

అందరి పాదాలూ తెలుసన్నది అతిశయోక్తి కాదు. దుకాణం గోడ పొడవునా అరలు. కొలత ఇచ్చిన ప్రతి మనిషికీ ఒక జత చెక్కపాదాలు చెక్కి, వాటి మీద తోలు లాగి బూటు కుట్టడం మేస్త్రి పద్ధతి. బూట్లు వెళ్లిపోయేవి, పాదాలు ఉండిపోయేవి. కొందరు ఊరు మారారు, కొందరు లోకమే మారారు. పాదాలు మాత్రం అరల్లో బారులు తీరి నిలబడి ఉన్నాయి. జనం అక్కడ నిలబడి ఉండగానే చీలమండల పైనున్న భాగమంతా మాయమైందా అన్నట్టుండేది. కొత్తగా వచ్చినవాళ్లు కొలత ఇవ్వడానికి కాస్త తటపటాయించేవారు.

పై అరలో బావ పాదాలున్నాయి. బావ అంటే భార్యకు సొంత అన్న. ఎదురు కొట్లో తాళాలు బాగుచేసేవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు గనక వీధిలో ఎవరు బావా అన్నా రెండు కొట్లలోంచీ రెండు తలలు లేచేవి. టీ వేళకు బావ వచ్చి బెంచీ మీద కూర్చుని సిగరెట్టు వెలిగించి, సగం కాల్చి సగం మేస్త్రికిచ్చేవాడు. టీలో చక్కెర చెంచా నిలబడేంత.

"పొగ చేదు, టీ తీపి. రెండూ ఉంటేనే మనిషి నిలబడతాడు బావా," అనేది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద నిలబడగా నిలబడగా ఒకనాడు ఎడమ బొటనవేలు నల్లబడింది. తర్వాత కాలు తీసేశారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక బావ ఒంటికాలికి బూటు కుట్టమన్నాడు. మడమకు ఇనప నాడా కొట్టమన్నాడు.

"నాడా దేనికి బావా?"

"నేనొస్తున్నట్టు తెలియాలి. నా మీద జాలిపడేవాళ్లు ఆ కార్యక్రమమేదో నేను వచ్చేలోపు ముగించుకుంటారు."

మేస్త్రి చేతులు జతలకు అలవాటుపడ్డవి. వాటికి ఆసుపత్రి సంగతులు తెలియవు. కుడి బూటు కుట్టాక అవి ఎడమది కూడా కుట్టాయి, నాడా కొట్టాయి, మెరుగు పెట్టాయి. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాక గానీ తానేం చేశాడో ఆయనకు తెలిసిరాలేదు. దాచేలోపే బావ చంకకర్రతో గుమ్మంలోకి వచ్చేశాడు. జతవైపు చాలాసేపు చూసి, నవ్వాడు.

"ఉండనీ బావా. కాలు తిరిగొస్తే కబురు చేస్తాను."

కబురు రాలేదు. బావ పోయాడు. కుడి బూటు ఆయనతోనే వెళ్లింది. ఎడమది పై అరలో చెక్కపాదాల పక్కన నిలబడింది. దుమ్ము దులపడానికి కూడా భార్య దాని మీద చేయి వేసేది కాదు.

ఇప్పుడు మానడం అనే మహాయజ్ఞం. మేస్త్రి సిగరెట్టు స్థానాన్ని కూడా మేకులకే కేటాయించాడు. దాంతో ఆయన ఏం మాట్లాడేదీ ఖాతాదారులకు అర్థమయ్యేది కాదు. అర్థమైనవాళ్లు నొచ్చుకునేవారు. ఒక లెక్కల మాస్టారుతో, "మీ కాలు అన్నది కాలు కాదు, పడవ," అన్నాడు. ఆరెతో తోలుకు పొడిచే కన్నాలు వరస తప్పేవి. టీ కొట్టువాడు చక్కెర లేని టీ అందిస్తూ సంతాపంగా అడిగాడు:

"ఇంట్లో ఎవరైనా పోయారా మేస్త్రీ?"

"ఇంకా లేదు."

ఆ టీ ముందు పెట్టుకున్న వేళకే యావ వచ్చేది. ఉత్త యావగా వస్తే ఏదోలా నెట్టుకొచ్చేవాడేమో. అది బావ రూపంలో వచ్చేది. ముందు వాసన. కొట్లో ఎవరూ సిగరెట్టు ముట్టించకపోయినా బావ కాల్చే రకం పొగ వాసన ముక్కుకు తగిలేది. తర్వాత బెంచీ కిర్రుమనేది. తర్వాత గొంతు. తాళాలు తెరిచే వృత్తిలో బతికినవాడికి చచ్చాక మాత్రం తలుపు ఒక అడ్డా?

"ఏం బావా, ఉత్త వేణ్ణీళ్లేనా?"

"టీ."

"దాన్ని టీ అంటే టీ నొచ్చుకుంటుంది. సగం ఉందా?"

"మానేశాను."

"తీపి?"

"అదీ మానేశాను."

"రెండు తలుపులకీ ఒకేసారి తాళం వేస్తారటయ్యా ఎవరైనా? లోపలున్నవాడికి ఊపిరాడొద్దూ? ఒకటి తీసి ఉంచుకో. ఏది అన్నది నీ ఇష్టం. నేను బలవంతపెట్టే మనిషిని కాను."

మేస్త్రి మేకులు పంటికింద నొక్కిపట్టి, తల దించుకుని కుట్టేవాడు. తల దించితే బెంచీ కింద బావ కాలు కనపడేది. దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. బావది ముందుకే ఉంది, కుడిది ఒక్కటే. ఎడమవైపు మడిచి పిన్ను పెట్టిన లాగు. చచ్చిపోయినా ఆ కాలు తిరిగి రాలేదన్నమాట. అది చూసినప్పుడల్లా మేస్త్రి తన ఎడమకాలిని స్టూలు కిందికి లాక్కునేవాడు. అయినా బావ లేచి వెళ్లిపోతే కొట్టు మరీ బోసిపోయినట్టుండేది. ఆ సంగతి ఆయన డాక్టరమ్మకు చెప్పలేదు.

చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆపత్కాలానికని ఒక సిగరెట్టు, ఒక చాక్లెట్ ముక్క కాగితంలో చుట్టి బావ ఎడమ బూటు ముందు కొసలోకి తోసి ఉంచాడు. ఇంట్లో భార్య చేయి పడని చోటు అదొక్కటే. తాగడానికి కాదు, తినడానికి కాదు, ఉందన్న ధైర్యానికి. బావకు ఆ చోటు ఎలా తెలిసిందో మరి, రోజూ మాట మధ్యలో పై అరవైపు ఓసారి చూసి, గొంతు సవరించుకునేవాడు.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు. ఈసారి చూసి వేలు ఉంచాలో తీయాలో చెబుతానంది డాక్టరమ్మ. నాలుక తనది కానట్టు లాగుతోంది. బెంచీ కిర్రుమంది.

"ఎలాగూ తీసేసే వేలే కదా బావా," అన్నాడు బావ, ఎంతో ప్రేమగా.

మేస్త్రి స్టూలెక్కాడు. బూటు మీద చేయి వేశాడు. అప్పుడే భార్య మెట్లు దిగి వచ్చింది. వాళ్ల ఇల్లు కొట్టు పైనే. బూట్లకు లోపలి గుడ్డ పైనే మెషిన్ మీద కుడుతుంది.

"ఏం చేస్తున్నారు?"

"దుమ్ము దులుపుతున్నా."

ఆమె బూటువైపు చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి చేయి చాచి తీసుకుంది.

"మంచిపనే అయింది. ఇదే వేసుకోండి. మీ బూట్లో కట్టు పట్టదు, చెప్పుతో వెళ్తే తడుస్తుంది."

"వద్దే. మీ అన్నయ్యది..."

"అన్నయ్యది కాబట్టే. ఏనాడైనా తొడిగాడు గనకనా? కొత్తది. కూర్చోండి."

"వద్దంటుంటే!"

"ఏం, మా అన్నయ్య బూటంటే అంత భయమా మీకు?"

భయం బూటంటే కాదు. కానీ ఆ మాట చెప్పడానికి ఎక్కడ మొదలుపెట్టినా బూటు కొసలోనే తేలేది. ఆమె కింద కూర్చుని, తాళ్లు వదులు చేసి, ఆయన పాదాన్ని లోపలికి తోసింది. కట్టుతో సహా సరిగ్గా పట్టింది. ఎవరో దగ్గరుండి కొలత ఇచ్చినట్టు పట్టింది. కుట్టినవాడు మేస్త్రే గనక అంతకంటే బాగా ఎవరికీ తెలియదు: అది బావ కొలత. ఇన్నాళ్లూ ఆ బూటు కాలు కోసం ఎదురుచూస్తోందని మాత్రమే అనుకున్నాడు. ఏ కాలు కోసమో ఆలోచించలేదు.

ఇద్దరూ గొడుగులో నడిచారు. కుడి అడుగు నిశ్శబ్దం. ఎడమ అడుగు టక్. ప్రతి టక్‌కీ ఆమె కిందికి చూసింది. మేస్త్రి మనసంతా బూటు కొసలోనే ఉంది. కాగితం చినిగిందా, చాక్లెట్ కరిగిందా? కాలిని అడిగితే కాలికి తెలియదు.

ఆసుపత్రిలో నర్సు బూటు లాగింది. కట్టు కొస, బొటనవేలి చోట, తడితడిగా నల్లబడి ఉంది.

"అయ్యో," అంది నర్సు.

భార్య ఒక్కమాట అంది. మెల్లగానే అంది. "నల్లబడింది."

మంచం ఇనప కమ్మీ పట్టుకుంది. అన్న వేలు కూడా ముందు అలాగే అయింది. ఆ రోజు కూడా గదిలో ఆమే ఉంది. ఇప్పుడు ఆమె కళ్లు పుండును చూడటం లేదు. దాన్ని దాటి, మోకాలు దాటి, ఇంకెక్కడికో వెళ్లిపోయాయి. అది చాక్లెట్ అని చెప్పడానికి మేస్త్రి నోరు తెరిచాడు. ఆ ముఖం చూసి మళ్లీ మూసేశాడు. తాను పోయిననాడు భార్య ముఖం ఎలా ఉంటుందో బతికుండగా చూసే యోగం అందరికీ పట్టదు. ఆయనకు పట్టింది.

నర్సు పట్టకారుతో ఏదో పీకింది. "ఇదేంటండీ, ఆకులా ఉంది?" దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆమె ముఖకవళికలు వైద్యశాస్త్రం పరిధి దాటాయి. "చాక్లెట్! అందులో పొగాకు! అమ్మగారూ, ఒకసారిలా రండి!"

డాక్టరమ్మ వచ్చి చూసింది.

"రెండూ మానమన్నాను. పుండుకి కట్టుకోమన్నానా?"

"తాగలేదమ్మా. తినలేదు. దాచానంతే."

"బూట్లోనా?"

"ఇంకెక్కడ దాచినా మా ఆవిడ వెతుకుతుంది."

డాక్టరమ్మ కట్టు మొత్తం విప్పి, లైటు దగ్గరికి లాగి, చాలాసేపు చూసింది. నలుపు పైగుడ్డతోనే ఆగింది. లోపల పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది. "తాగలేదన్నది నిజమే అయ్యుండాలి. అంచులు దగ్గరపడుతున్నాయి. వేలు ఇప్పుడే తీయను. మళ్లీ చూస్తాను."

తిరుగుదారిలో వాన తగ్గింది. శుభ్రం చేసిన బూటు, కొత్త కట్టు. టక్. కొట్టు గుమ్మంలో భార్య గొడుగు ముడిచింది.

"అన్నయ్య కూడా దాచేవాడు," అంది అప్పుడు. "పాత తాళాల డబ్బాలో. నాకు తెలుసు. పెద్దవాడు కదా, ఏమడుగుతాంలే అనుకున్నా."

మేస్త్రి తన ఎడమ మడమవైపు చూశాడు. "నీకు కష్టంగా ఉంటే ఆ నాడా పీకేస్తాను," అన్నాడు.

"ఉంచండి. మీరెక్కడున్నారో తెలుస్తుంది నాకు. ఈసారి అడుగుతాను."

తర్వాత చాలా రోజులు పట్టింది గానీ పుండు మానింది. వేలు ఉంది. కట్టు పోయాక బూటు కాస్త వదులైతే లోపల మెత్త వేసుకున్నాడు. ఆ బూటు మాత్రం వదల్లేదు. మేస్త్రి రెండూ మానాడు. పుండు మానింది. బావ రావడం మాత్రం మానలేదు.

మొన్న మధ్యాహ్నం భోజనానికి మెట్లెక్కుతుంటే, మలుపు దగ్గర కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. ఒంటికాలు మీద, గోడకు ఆనుకుని. పూర్వం మేస్త్రి దొంగచాటుగా కాల్చేది అక్కడే. బావ వేళ్ల మధ్య సరిగ్గా సగం సిగరెట్టు మిగిలి ఉంది.

"ఎంతో సేపట్నించి పట్టుకున్నాను బావా. వేళ్లు కాల్తున్నాయి."

మేస్త్రి ఆగిపోయాడు. నోరంతా ఊరింది. పైన గదిలో మెషిన్ చప్పుడు కూడా ఆగింది.

"ఏవండీ! టక్ టక్ ఆగిందేం? ఏం చేస్తున్నారక్కడ?"

మేస్త్రి బావవైపు చూశాడు. చెల్లెలి గొంతు వినగానే బావ పాత అలవాటు కొద్దీ సిగరెట్టు వీపు వెనక్కి దాచేసి, గోడకు అతుక్కుపోయి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఏమీ లేదు. వస్తున్నా," అని మేస్త్రి ఎడమకాలు పై మెట్టు మీద గట్టిగా వేశాడు, పైకి వినపడేలా.