జోజి మామ కొనుక్కోని గడియారం

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది.

"జోజి మామ పోయిండే."

ఏ జోజి మామ అని అడిగాను. మాకున్నది ఒక్కడే జోజి మామ.

ఆరింటి గంట కొట్టడానికి చర్చికి వెళ్లాడట. తాడు పక్కనే పడి ఉన్నాడట. హార్ట్ ఎటాక్.

మా అమ్మకు చిన్న తమ్ముడు. భద్రాచలం దాటాక, అడవి అంచున ఉన్న మా ఊళ్లో ఇరవై ఏళ్లు చర్చి గంట కొట్టాడు. పొద్దున ఆరుకి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం ఆరుకి. త్రికాల జపం గంట.

జపం మాదే కానీ, గంట అందరిదీ. మిర్చి ఏరే కూలీలు ఆ చప్పుడు వింటేనే సద్ది విప్పేవాళ్లు.

ఒకరోజు కరెంటు లేక మామ ఫోన్ ఆఫ్ అయింది. పన్నెండింటి గంట ఒంటిగంటకి కొట్టాడు. అంతసేపూ వాళ్లు ఎండలో వంగే ఉన్నారు. ఎవరూ తిట్టలేదు. మామే రెండు రోజులు సరిగా తినలేదు.

ఆ తర్వాత ఖమ్మంలో ఒక వాచీ రిపేరు షాపులో ఆ చేతి గడియారం చూశాడు. అరవై ఏళ్ల నాటిది. రోజూ కీ ఇవ్వాలి. ధర మామ మూడు నెలల జీతం.

చర్చికి కొవ్వొత్తులు కొనడానికి ఖమ్మం వెళ్లినప్పుడల్లా షాపతను మామ చేతనే కీ ఇప్పించేవాడు.

"నువ్వు చదువుకున్నదానివి. కొనాల్నా, వద్దా?" అని నన్ను అడిగాడు.

చవకలో బ్యాటరీ వాచీ కొనుక్కో అన్నాను.

"బ్యాటరీ ఎప్పుడు అయిపోతదో అది చెప్పదు బిడ్డా. కీ ఇచ్చేదయితే నా చేతుల ఉంటది."

కాన్వెంట్‌లో సిస్టర్లు నేర్పిన మాట అప్పజెప్పాను. అది అవసరం కాదు మామా, కోరిక.

అప్పుడు నా అలమరాలో చదవని పుస్తకాలు నలభై ఉన్నాయి.

పెద్దమామ నవ్వాడు. "గంట కొట్టెటోనికి గింత గడియారమా? నిన్ను టైం అడిగేదెవడురా?"

"ఊరంత నన్నే అడుగుతది గదనే అన్నా."

మామ ఇంకో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆలోచిద్దాం అన్నాను.

క్రిస్మస్‌కి ఆ గడియారం పెద్దమామ చేతికి కనిపించింది. పెద్దమామా, ఇది నువ్వూ చదువుతావని తెలుసు. చదువు.

జోజి మామ కోపం చేసుకోలేదు. అన్న చెయ్యి పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు. "మంచిగ కొట్టుకుంటాంది. పొద్దుగాల్నే కీ ఇయ్యే, మర్చిపోకు" అన్నాడు.

నిన్న సాయంత్రమే మట్టి చేశాం. అందరూ అతని మంచితనం గురించి మాట్లాడారు. మంచివాళ్లకి ఏదీ అక్కర్లేదని ఎవరు చెప్పారో మనకి.

పెద్దమామ చెయ్యి చూసుకున్నాడు. రెండుసార్లు విదిలించాడు.

"ఆగిపోయినట్టుందే. టైం ఎంతైంది బిడ్డా?"

ఫోన్ చూసి చెప్పాను. ఆరుంపావు.

అప్పటిదాకా మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆరింటి గంట ఎవరూ కొట్టలేదు.

ఆ గడియారం నీకు అవసరమే మామా. నాదే తప్పు.

నిద్రపో. అక్కడ నిన్ను ఎవరూ టైం అడగకుండా, దేవుడు నీకు నిమ్మళం ఇవ్వాలి.