బుధవారం ప్రార్థనలో బాపు వంతు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ వానాకాలం మాత్రం అది ముక్కు దిగి ఒళ్లంతా పాకింది. ఆఫీసులో కూర్చుంటే ఇంటి మీద ధ్యాస, ఇంట్లో ఉంటే ఫోన్ మీద ధ్యాస. మా బాపు, అంటే మా నాన్న, తన తమ్ముడితో చెప్పుకోవలసిన మాట ఒకటి ఎట్టకేలకు చెప్పేశాడు. అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ తమ్ముడు, మా చిన్నాయన, కనకమామిడిలో కూరగాయలు పండిస్తాడు. మేముండేది మొయినాబాద్‌లో. ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు, అయినా అన్నదమ్ములకు ఏళ్లుగా మాటల్లేవు. బాపు తన వంతు పొలాన్ని ఫాంహౌస్ కోసం పట్నంవాళ్లకు అమ్మినప్పుడు చిన్నాయన చేనుకు పోయే బండిబాట కూడా అందులో కలిసిపోయింది. బాట మీద గేటు పడింది. ఇదేమిటని అడగడానికి ఒక ఆదివారం చిన్నాయన చర్చి ముందుకొస్తే, బాపు అందరి ముందూ నానా మాటలూ అని పంపించాడు. ఆ రోజునుంచి చిన్నాయన మా చర్చి మెట్లెక్కలేదు.

తర్వాత బాపు గొంతుకు జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ పాత గొంతు మిగల్లేదు. ఒకప్పుడు మైకు అక్కర్లేకుండా పాట ఎత్తుకున్న మనిషి. ఇప్పుడు నోరు తెరిస్తే చీపురుతో వాకిలి ఊడ్చినట్టు గరగరమని గాలి వస్తుంది, ఆ గాలిలోంచి మాటలు ఏరుకోవాలి. కిరాణా దుకాణంలో జనం తిరిగి చూస్తున్నారని బయటికి పోవడమే మానేశాడు. ఆయనకు మిగిలింది బుధవారం ప్రార్థన ఒక్కటే. మా సంఘంవాళ్లు చిల్కూరులో కొందరు, శంకర్‌పల్లిలో కొందరు, డ్యూటీలనుంచి దారిలో కొందరు. అందుకని బుధవారం సాయంత్రం అందరూ ఫోన్లోనే గ్రూపు వాయిస్ చాట్ పెట్టుకుని, ఇంటికొకరు చొప్పున వంతులవారీగా ప్రార్థన చేస్తారు. ఒకరు ముగించగానే మిగతావాళ్లు ఆమెన్ అంటారు. ఆపరేషన్ తర్వాత బాపు ఆ కొత్త గొంతుతో మొదటిసారి ప్రార్థించినప్పుడు అటువైపు ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. ఇటు నేనూ ఏడ్చాను.

ఒక బుధవారం చాట్‌లో ఉన్నవాళ్ల వరుసలో చిన్నాయన ఫోటో కనిపించింది. ఎవరు చేర్చారో ఏమో! మైక్ మూసుకుని వింటున్నాడు. బాపుకు ఆ రోజు నోరు పెగల్లేదు, తన వంతు వచ్చినా వదులుకున్నాడు. వారమంతా మాత్రం ఒకటే ఆలోచన.

"ఫోన్ చేసి చెప్పరాదా బాపు?" అన్నాను.

"నా ఫోను ఎత్తడు. ఎత్తినా గట్ల కాదు. అందరి ముందర తిట్టిన బిడ్డా, అందరి ముందరే ఒప్పుకోవాలె."

ఆ వారంలోనే యాప్ తనంతట తానే అప్‌డేట్ అయింది. గుర్తులన్నీ అటూ ఇటూ జరిగాయి, రంగులు మారాయి. అంతకంటే ఏమీ పట్టించుకోలేదు నేను.

బుధవారం వచ్చింది. బాపు పొద్దుటినుంచీ వేడినీళ్లు తాగి గొంతు కాపాడుకున్నాడు. వంతు రాగానే ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, ఆగి ఆగి, మొత్తం చెప్పేశాడు. బాట నేనే మూసిన, తప్పు నాది, నన్ను క్షమించు తమ్మీ అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత "ఆమెన్, ఆమెన్" అన్నారు. వెంటనే ఇంకో ఇంటివాళ్లు మొదలుపెట్టారు. చిన్నాయన మైక్ తెరుచుకోలేదు.

ఇక చూడాలి బాపు అవస్థ! కాలుగాలిన పిల్లిలా గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి. రోడ్డు మీద ఏ బండి ఆగినా కిటికీ దగ్గరికి పోయేవాడు. తరువాతి బుధవారం మామూలు ప్రార్థన మొదలుపెడితే సగంలో ఉండగానే ఆమెన్ అనేశారు. బాపు ఫోన్ మంచం మీద పడేశాడు.

"నా గొంతు వినలేక నడుమలనే ఆమెన్ అంటున్నరు. తమ్ముడు కూడ విని ఊకున్నడు. ఇగ నేను మాట్లాడ."

అన్నంత పనీ చేశాడు. ఇంట్లో కూడా మాట బంద్. నీళ్లు కావాలంటే గ్లాసు చూపిస్తాడు. దవాఖానలో ఒక్కొక్క మాటా కూడబలుక్కుని నేర్చుకున్న మనిషి మళ్లీ సైగలకు దిగితే కూతురిగా నాకెలా ఉంటుంది? అరికాలి మంట నెత్తికెక్కింది.

రెండు రోజులకు మొయినాబాద్‌లో చేవెళ్ల బస్సు కోసం నిలబడితే పాస్టర్‌గారి భార్య ఎదురైంది. మేమంతా ఆమెను అమ్మగారు అంటాం. నమస్కారం కూడా పెట్టకుండా దులిపేశాను.

"మా బాపు మాట మీకు గంత బరువయ్యిందా అమ్మగారూ? సగంల ఆమెన్ అనవడితిరి?"

ఆమె బిత్తరపోయింది. "ఏం మాట బిడ్డా? మొన్న బుధవారం లేదు, దానికి ముందు వారం లేదు, బాపు మాటే వినవడలే. గొంతు నొస్తున్నదేమో, మనసులనే ప్రార్థన చేసుకుంటున్నడు అనుకున్నం. జరసేపు ఆగి ఆమెన్ అంటున్నం."

"ఎవ్వరికీ వినవడలేదా?"

"ఎవ్వరికీ."

బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు. చిన్నాయనకు ఒక్క ముక్క కూడా చేరలేదు! ఇంకెవరైనా అయితే "అన్నా, మ్యూట్‌ల ఉన్నవ్" అని పదిమంది అరిచేవాళ్లు. మా బాపుకు మాత్రం మర్యాద ఇచ్చారు. ఆ మర్యాదతోనే కొంప ముంచారు. ఎవరిని తిట్టాలో తెలియక నన్ను నేనే తిట్టుకుంటూ తరువాతి బస్సెక్కాను.

సాయంత్రం బాపుకు చెబితే నమ్మలేనట్టు చూశాడు. "నేనే పోయి చిన్నాయనకు చెప్పొస్త" అన్నాను. అప్పుడు నోరు విప్పాడు.

"నా తప్పు నువ్వెట్ల ఒప్పుకుంటవ్?"

అయితే ఫోన్ బాగుపడాల్సిందే. మైక్ పర్మిషన్ చూశాను, ఉంది. యాప్ తీసేసి మళ్లీ వేశాను. ఫోన్ బంద్ చేసి తెరిచాను. చేవెళ్లలో ఆఫీసు పక్కన మొబైల్ షాపు ఉంటే అక్కడికి పట్టుకుపోయాను. షాపాయన మైక్ కన్నాన్ని బ్రష్‌తో దులిపి, తన ఫోన్‌కు కలిపి, "హలో హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. ఖంగుమని వినిపించింది.

"ఫోన్ ఫస్ట్ క్లాస్ ఉన్నది మేడం. ఫికర్ చెయ్యకుర్రి."

ఫికర్ చెయ్యకపోతే ఎలా! ఇంటికి తెచ్చి నేను మాట్లాడితే మాట అవతలికి చేరుతోంది. అమ్మగారికి కలిపితే నా మాట చేరుతోంది. అందరి మాటా చేరుతోంది, బాపు మాట తప్ప. అప్పటికి గానీ నాకు బుద్ధి పుట్టలేదు. ఇన్ని పరీక్షలు చేశాం, బాపు చేత మాత్రం ఒక్కసారీ మాట్లాడించలేదు.

నా ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పోయి, "ఏమన్న అను బాపు" అని కేకేశాను. గోడ అవతలనుంచి ఆయన గరగర నా చెవికి వినిపిస్తూనే ఉంది, ఫోన్‌లో మాత్రం చడీచప్పుడూ లేదు. ఫోన్లు మార్చుకున్నాం. ఈసారి ఆయన వాకిట్లో, నేను గదిలో. నేను ఏవో పిచ్చి మాటలు వాగుతున్నాను. బాపు కిటికీలోంచి తొంగిచూశాడు.

"నీ మాట మంచిగ వినవడ్తున్నది. ఫ్యాన్ బంద్ చేసినవా?"

తలెత్తి చూశాను. మా గదిలో ఫ్యాన్ తిరిగితే పక్కింటికి వినిపిస్తుంది. అది తిరుగుతూనే ఉంది, గడగడమంటూనే ఉంది. ఫోన్లో దాని చప్పుడు ఎటు పోయింది?

సెట్టింగుల్లో పడ్డాను. లోపలికి, ఇంకా లోపలికి పోతే, అప్‌డేట్‌తో వచ్చిన కొత్త మీట ఒకటి కనిపించింది. 'అనవసరమైన చప్పుళ్లను తొలగించు' అని తెలుగులోనే రాసి ఉంది, ఆన్ చేసి ఉంది. ఫ్యాన్‌ను తీసేసినట్టే బాపు గొంతునూ తీసేసింది! ఆయనకు కనబడకుండా ఫోన్ తిప్పబోయాను. అప్పటికే నా వెనక నిలబడి చదివేశాడు.

"అంటే నాది చప్పుడే అనుకున్నదా?" అన్నాడు.

"దానికేం తెలుసు బాపు, దిక్కుమాలింది" అని ఆ మీట ఆపేశాను. మళ్లీ వాకిట్లోకి పోయి ఫోన్ చెవికి పెట్టుకుంటే ఫ్యాన్ గడగడ, రోడ్డు మీది లారీ హారన్, వాటి నడుమ బాపు గరగర, అన్నీ కలిసి వచ్చాయి. ఆ రొద అంత హాయిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

"మల్ల చెప్తవా మరి?" అని అడిగాను. ఫోన్‌ను దిండు కింద పెట్టేసి అటు తిరిగి పడుకున్నాడు. ఒకసారి చెప్పడానికే ఉన్న బలమంతా కూడదీసుకున్న మనిషి. బుధవారం దాకా నాకు అన్నం సయించలేదు.

బుధవారం చిన్నాయన ఫోటో మళ్లీ కనిపించింది. ఫ్యాన్ కట్టేసి, బాపు పక్కనే కూర్చున్నాను. వంతు వచ్చింది. బాపు ప్రార్థన మొదలుపెట్టలేదు, నేరుగా తమ్ముడినే పిలిచాడు.

"తమ్మీ. బాట నేనే మూసిన. అమ్మేటప్పుడు నీకు బాట ఇడవాలని నాకెరుకే. ఎరుకుండే మూసిన. అడగొస్తే అందరి ముందర తిట్టిన. తప్పు నాది. క్షమించు."

ఎవరూ ఆమెన్ అనలేదు. మళ్లీ పోయిందా మాట? ఫోన్ లాక్కుని చూడబోయేంతలో చిన్నాయన మైక్ తెరుచుకుంది.

"అన్నా... ఇది నీ గొంతేనా?"

"నాదేరా."

చిన్నాయన ఏడుస్తూ అన్నాడు. "ఇంతగనం అయ్యిందని నాకెరుక లేదన్నా. ఇగ నువ్వు మాట్లాడకు, గొంతు నొస్తది. నేనే వస్తున్న."

బాపు వింటేగా! ఫోన్‌ను రెండు చేతులా నోటి దగ్గరికి తీసుకున్నాడు.

"మెల్లగ రా," అన్నాడు. "లారీలుంటయ్."