కూడూ ఆగి చూసిన చూపు

మొన్న ఆదివారం ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి అపార్ట్‌మెంట్‌లో భోజనాలయ్యాక పెద్దవాళ్లమంతా సోఫాల్లో కునికిపాట్లు పడుతుంటే, మా మనవరాలు ఫోన్ పట్టుకుని నా పక్కకు జరిగింది. ఎండిన గడ్డి మైదానంలో నాలుగు కాళ్లూ ఒక్కసారే బిగించి బంతిలా గాల్లోకి ఎగురుతున్న జింకను చూపించి, "అమ్మమ్మా, దిస్ ఈజ్ సో క్యూట్! ఎందుకు ఇట్లా జంప్ చేస్తుంది?" అంది. నేను కళ్లజోడు సర్దుకుని చూసి, దాన్ని స్ప్రింగ్‌బాక్ అంటారనీ, అలా ఎగిరేటప్పుడు దాని వీపు మీద మడత విచ్చుకుని తెల్లటి జూలు విసనకర్రలా లేస్తుందనీ, ప్రాణం పోయిన కాసేపటి దాకా ఆ జూలులోంచి తేనె వాసన వస్తుందనీ, వేటగాళ్లు మోకాళ్ల మీద కూర్చుని ముక్కు ఆనించి మరీ చూస్తారనీ చెప్పాను. గదిలో కునికిపాట్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కార్తీకమాసం వస్తే ఉల్లిపాయ కూడా ముట్టని అత్తగారి నోట ఈ మాటలేమిటని మా అల్లుడు నిటారుగా కూర్చున్నాడు. మా ఆయన మాత్రం కళ్లు తెరవకుండానే నవ్వుకున్నారు.

ఆ వాసన నేను స్వయంగా ఎరుగను, ఒకరు చెప్పగా విన్నదే. ఆ చెప్పినాయన గురించి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. దాచిపెట్టి కాదు, అడిగినవాళ్లు లేక.

మేం ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో, మా ఆడపడుచు స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డు చేతపట్టుకుని, టెక్సాస్‌లో సున్నపురాతి గుట్టలూ పొట్టి చెట్లూ తప్ప మరేమీ కనిపించని ఒక చిన్న ఊళ్లో కాపురం పెట్టాం. మా ఆయన అక్కడి మందుల షాపులో సహాయకుడిగా పనిచేస్తూ ఫార్మసిస్టు లైసెన్సు పరీక్షకు చదువుకునేవారు. కందిపప్పు కావాలంటే సగం రోజు డ్రైవ్ చేసి హ్యూస్టన్ వెళ్లాలి. ఇంటికి ఫోన్ చేయడం పండగంత అరుదు. ఏరోగ్రామ్ అంచుల దాకా, మడతల మీదా కూడా చీమకాళ్లంత అక్షరాలతో రాసి పంపిన రోజులు మన వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆయన పనికీ పుస్తకాలకూ వెళ్లిపోతే ఆ ఊళ్లో నాకు పలకరించే మనిషి లేదు. గుంటూరులో మా పిన్ని దగ్గర నేర్చుకున్న కుట్టుపని ఒక్కటే నాకు తోడు. పట్టుచీర చిరిగితే పిన్ని చేసిన రఫూ ఎక్కడుందో కట్టుకున్నవాళ్లకే తెలిసేది కాదు, నాకూ ఆ చెయ్యి కొంత వచ్చింది. బట్టలు సరిచేసి ఇస్తానని లాండ్రీ గోడ మీద చిన్న కాగితం అంటించాను.

ఆ కాగితం చూసి ఒక పెద్దాయన చిరిగిన కోటు పట్టుకొచ్చారు. సన్నగా, ఎండకు కమిలిపోయిన మొహంతో, ఒక కాలు కొంచెం ఈడుస్తూ నడిచే మనిషి. కుట్టిన కోటు తీసుకెళ్లేరోజున దాని చెయ్యి తిరగేసి, వెలుతురుకు పట్టి, చిరుగు కోసం వెతికి, దొరక్క నా మొహంలోకి చూశారు. మర్నాడు మళ్లీ వచ్చి, తన వర్క్‌షాపులో తోళ్లు కుట్టడానికి మనిషి కావాలన్నారు. వేటాడిన జంతువుల తలలను, బతికున్నప్పటిలాగే కనిపించేట్టు, గోడలకు తగిలించుకోవడానికి తయారుచేసే పని ఆయనది. వయసులో ఉన్నప్పుడు ఆఫ్రికా దక్షిణ భాగంలో ఏళ్ల తరబడి ఉండి, వేటకొచ్చిన వాళ్లకు దారి చూపేవారట. మోకాలు దెబ్బతిని ఇటు వచ్చేశారు.

మాంసం ముట్టని ఇంట పుట్టినదాన్ని. ఆ వర్క్‌షాపు తలుపు తీసేసరికి గోడల నిండా కొమ్ములూ గాజుకళ్లూ నా వంకే చూస్తుంటే, గడప మీదే ఆగిపోయాను. ఉప్పు, పదును చేసిన తోలు, తడిమట్టి కలిసిన వాసన. ఇంటికొచ్చి మా ఆయన దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాను. "ఇష్టం లేకపోతే మానెయ్. కానీ చంపేది నువ్వు కాదుగా, నువ్వు కుట్టేదానివి," అన్నారాయన. నేను వారం పాటు ఆలోచించి వెళ్లాను. ఇంట్లో ఒంటరిగా గోడలు చూడటం కంటే అక్కడి గోడలే నయమనిపించింది. సాయంత్రం వచ్చి తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని గాని వంటింట్లోకి అడుగుపెట్టేదాన్ని కాదు.

పెద్దాయనకు మాటలు పొదుపు, జంతువుల దగ్గరికొచ్చేసరికి మాత్రం కాదు. ఏ తోలు బల్ల మీదకొస్తే దాని సంగతి మొదలుపెట్టేవారు. అడవిదున్నకు దెబ్బ తగిలితే పారిపోయినట్టే పారిపోయి, చుట్టూ తిరిగి వచ్చి, తన అడుగుజాడల పక్కనే పొదలో నిలబడి వెంటాడేవాడి కోసం కాచుకుంటుందట. ఒరిక్స్ అనే జింకల్లో ఆడదానికీ మగదానికీ కూడా కత్తుల్లాంటి నిటారు కొమ్ములే. పడిపోయింది కదా అని దగ్గరికెళ్లిన వాడి కడుపులోకి కొమ్ము దింపగలదట. ఈలాండ్ అనే ఇంకో జింక ఎద్దంత భారీగా ఉన్నా ఎంతో బెరుకు మనిషి (ఆయన మనిషి అనే అనేవారు); నడుస్తుంటే ముందుకాళ్లలో చిటికెలు వేసినట్టు టక్‌టక్‌మని చప్పుడు, అది కనపడకముందే వినపడుతుంది. అడవిపంది తోక నిలబెట్టి పరుగెత్తే తీరు చూపించడానికి ఆయన ఒకసారి చేతికర్రను వెనక నిలబెట్టుకుని వర్క్‌షాపంతా తిరిగితే, ఈ దేశంలో నేను మొదటిసారి గొంతెత్తి నవ్వాను. మా ఆయనకు ఇవన్నీ రాత్రి అన్నం దగ్గర అప్పజెప్పేదాన్ని. వాటన్నిట్లో కూడూ అనే పేరు విని ఆయన, "మనకు కూడు పెట్టేది ఇదేనా?" అని ఏడిపించేవారు.

కూడూ ఆఫ్రికా జింకల్లో రాజు. తలమీద మెలికలు తిరిగిన పొడవాటి కొమ్ములు, కళ్ల మధ్య తెల్లటి గీత, గొంతు కింద జూలు, పక్కలకు సున్నం వేలితో గీసినట్టు సన్నటి చారలు. పొదల్లో నిలబడితే ఎదుటే ఉన్నా కనపడదట. దానికొక్కటే బలహీనత. బెదిరి పరుగెత్తి, పొద చాటుకు పోబోయే ముందు, ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది. వేటగాడు కాచుకునేది ఆ క్షణం కోసమే.

ఆ ఏడు చలికాలంలో ఒక పెట్టె వచ్చింది. అందులో ఉన్నది పెద్దాయన పాత స్నేహితుడు వేటాడిన కూడూ తోలూ కొమ్ములూ. ఆ స్నేహితుడు ఆఫ్రికాలో మా పెద్దాయన వెంట ఎన్నోసార్లు వేటకు తిరిగినవాడే. మోకాలి వల్ల ఈయన ఇప్పుడు వెంట వెళ్లలేకపోయారు. కూడూను కొట్టిన సాయంత్రమే క్యాంపులో భోజనం చేసి కుర్చీలో వాలి, గుండె ఆగి, ఆ స్నేహితుడు అక్కడే పోయాడు. పెట్టె మాత్రం రేవులో ఎక్కడో నెలల తరబడి చెమ్మలో ఉండిపోయి, ఆయన అంత్యక్రియలన్నీ అయిపోయిన చాలాకాలానికి వచ్చింది. పెద్దాయన స్నేహితుడి భార్యకు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ ఏమన్నదో ఆయన ఫోన్ పెట్టేశాక చెప్పారు. "ఆ ఆఫ్రికా పిచ్చి నువ్వే అంటించావు అంది. చేసుకుంటే చేసుకో, చూడటానికి వస్తానని మాత్రం అనుకోకు అంది." అలా చెప్పి పెట్టె మూత తెరిచారు.

తోలు విప్పి చూస్తే గొంతు దగ్గర చెమ్మకు జూలు గుత్తులు గుత్తులుగా ఊడి వస్తోంది. ఇంకొకరిదైతే పారేసి వేరే తోలు తెచ్చుకోమనేవారు. ఇది వదలనన్నారు. భుజాల కింద కత్తిరించి పారేసే భాగంలోంచి వెంట్రుకలు చిన్న చిన్న కుచ్చులుగా తీసి, రంగు రంగుకూ, వాలు వాలుకూ కలుపుతూ గొంతు మీద నాటుకుంటూ పోయాను. రఫూ పనే అది, పట్టుకు బదులు తోలు. తల వెనక్కి తిరిగి ఉన్న అచ్చు తెప్పించి దాని మీద తోలు తొడిగి, మెడ వెనక కుట్టు వేశాం. ఇక మిగిలింది మొహం. ఎప్పుడూ కళ్ల పని ఆయనే చేసేవారు, గాజు కన్ను చుట్టూ మట్టి పెట్టి రెప్ప తీర్చడం అన్నిటికన్నా కష్టమైన పని. ఆ ఉదయం పనిముట్టు చేతిలోకి తీసుకున్నారు, చెయ్యి వణికింది. కొంతకాలంగా కాఫీ కప్పు సగం వరకే నింపుకోవడం చూస్తున్నాను గాని, అడగలేదు. పనిముట్టు బల్ల మీద పెట్టి, "నువ్వు చెయ్," అన్నారు.

"నేను దీన్ని ప్రాణంతో ఎప్పుడూ చూడలేదండీ. ఎలా చూస్తుందో నాకేం తెలుసు?" అన్నాను.

ఆయన పికప్ తాళాలు తీసుకున్నారు. టెక్సాస్‌లో కొందరు ఎత్తైన కంచెలు కట్టి ఆఫ్రికా జంతువులను పెంచుతుంటారు; అలాంటి ఒక రాంచ్ యజమాని ఆయనకు తెలుసు. పొద్దు వాలే వేళకు అక్కడికి చేరాం. దారిలో ఇంటి దగ్గర ఆపితే మా ఆయన కూడా పుస్తకం వదిలి వచ్చారు. బండి ఆపి, మాట్లాడకుండా కూర్చున్నాం. చాలాసేపు పొదలు తప్ప ఏమీ లేవు. అంతలో ఆ పొదల్లోంచే, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు, ఒక కూడూ బయటికొచ్చింది. గోడలమీద చూసిన కొమ్ములే, అయితే అవి ఇప్పుడు కదులుతున్నాయి. మా ఆయన మోకాలు డోరుకు తగిలి చప్పుడైంది. అంతే, చుబుకం పైకెత్తి, కొమ్ములు వీపు మీదకు వాల్చుకుని పరుగు తీసింది. పొద అంచున, పెద్దాయన చెప్పినట్టే, ఆగింది. తిరిగి చూసింది.

భయపడిన మొహం ఉంటుందనుకున్నాను. అది కాదు. దోసిళ్లంత చెవులు, వాటిలో ఒకటి మా వైపు విచ్చుకుని ఉంది, ఇంకొకటి పొదల వైపు తిరిగి ఉంది. కళ్లు మా మీదే ఉన్నా, అది చూస్తున్నట్టు లేదు, వింటున్నట్టుంది. మన వెనక ఎవరో పేరు పెట్టి పిలిచారా అని తిరుగుతామే, ఆ తిరగడం అది. తరవాత పొదలు మూసుకున్నాయి. ఆ ఒక్క క్షణం కోసం తుపాకీ పట్టుకుని ఎలా కాచుకుంటారన్నది నాకు ఆనాడూ అర్థం కాలేదు, ఈనాడూ కాలేదు. తిరుగు దారిలో ఆ మాట పెద్దాయనతో అనేశాను కూడా. "నాకూ వయసు పెరిగేకొద్దీ అర్థం కావడం మానేసింది," అన్నారు.

మర్నాడు కూర్చుని చెవులు ముందు తీర్చాను, కళ్లు ఆ తరవాత. పెద్దాయన పక్కన కుర్చీ వేసుకుని, మాటలతోనే రెప్పను సరిచేయిస్తూ, ఇంకొంచెం కిందకి, కాదు, అదీ అంటూ ఉన్నారు. తోలు ఆరేకొద్దీ ముడుచుకుపోతుంది కాబట్టి రోజూ పొద్దున్నే వెళ్లి చూసుకుంటూ, గుండుసూదులు మార్చుకుంటూ ఉన్నాం. పని ముగిసింది. ఆవిడకు కబురు పెట్టారు. జవాబు లేదు. గోడకు తగిలించకుండా బల్ల మీదే ఒక గుడ్డ కప్పి ఉంచారు.

వసంతం వచ్చి గుట్టల మీద నీలం పూలు విరిసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. తెల్లజుట్టు, చేతిలో కారు తాళాలు బిగించి పట్టుకుని, కూర్చోమన్నా కూర్చోలేదు. పెద్దాయన గుడ్డ తీశారు. ఆవిడ దగ్గరకు జరిగి చూసింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను.

"ఒక చెవి ఇటు, ఒకటి అటు ఎందుకుంది?" అంది చివరికి.

"వింటోంది," అన్నారు పెద్దాయన.

"ఎవర్ని?"

"మీ ఆయన్నే. పిల్లిలా నడవవయ్యా అని ఎన్నేళ్లు చెప్పానో! ఏనుగైనా ఆయన కంటే మెత్తగా నడుస్తుంది. అడవిలో ప్రతి జీవికీ ఆయన వస్తున్నట్టు ముందే తెలిసిపోయేది."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, కానీ నవ్వు వచ్చింది ముందు. "ఇంట్లోనూ అంతే. మేడమెట్లు దిగుతుంటే కప్పులు గలగలలాడేవి," అంది. ఆ నవ్వు అలాగే ఏడుపులోకి జారింది. పెద్దాయన కాలు ఈడ్చుకుంటూ వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డారు. వణికే ఆ చేతిని ఆవిడే పట్టుకుంది. నేను కాఫీ పెట్టే నెపంతో లోపలికి వెళ్లిపోయాను.

కూడూను ఆవిడ తీసుకెళ్లింది. ఆ తరవాత గురువారాలు తనే ఏదో ఒకటి వండి తెచ్చేది. నా కోసం మాంసం లేకుండా బీన్స్ వేరే గిన్నెలో. ముగ్గురం తోళ్లు పక్కకు జరిపి ఆ బల్ల మీదే తినేవాళ్లం. నేను తీసుకెళ్లిన పులిహోర తిని పెద్దాయన కారానికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మళ్లీ వడ్డించుకునేవారు. మా ఆయన పరీక్ష పాసై, న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చి మేం బయల్దేరిన రోజున ఇద్దరూ వచ్చి సామాన్లు కారులో సర్దిపెట్టారు. ఆ మరుసటేడు పెద్దాయన చెయ్యి బొత్తిగా పనికి రాక వర్క్‌షాపు మూసేశారు. ఆయన పోయే వరకూ ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నది ఆవిడే.

ఇప్పుడు నాకు ఏ కొరతా లేదు. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద గోంగూర నుంచి గుంటూరు కారం దాకా అన్నీ దొరుకుతాయి. గుడికి వెళ్తే తెలుగు, పార్కులో నడకకు వెళ్తే తెలుగు. నెల గడిచినా తెలుగు కాని గడప తొక్కకుండా బతికెయ్యొచ్చు, నేను బతికేస్తున్నాను కూడా. మా అమ్మాయికి ఆఫీసులో అన్ని దేశాల వాళ్లూ తెలుసు గాని, వాళ్ల ఇళ్లల్లో ఏ గిన్నె ఎక్కడుంటుందో తెలియదు. ఆ రోజుల్లో మేం గుప్పెడు మందిమి, భాష సరిగా రాదు, వంట కుదరదు, దిక్కుతోచక ఎవరి తలుపు పడితే వాళ్ల తలుపు తట్టేవాళ్లం. వేటగాడూ, వేట అంటే పడని ఇల్లాలూ, ఉల్లి కూడా లెక్క చూసుకుని తినే నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నామంటే మా గొప్పతనం ఏమీ లేదు, ఇంకెవరూ లేకపోవడమే. ఇప్పుడు అందరూ ఉన్నారు. గురువారం మధ్యాహ్నాలు మాత్రం, చెప్పాపెట్టకుండా, ఎవరూ రారు.