స్నేహితుడు అమ్మిన ఎర్ర కారు

ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా చీరలు విప్పడం, మళ్లీ మడతపెట్టడం. అయినా నేలకు ఆనుకుని దూసుకుపోయే స్పోర్ట్స్ కారు నడపాలన్న కోరిక నలభై దాటినా నన్ను వదల్లేదు. కాలేజీ రోజుల్లో ఆ మాట ఒక్క స్నేహితుడికే చెప్పుకున్నాను. వాడిది జమ్మలమడుగు. ఇప్పుడు బెంగళూరు నుంచి పాత కార్లు తెచ్చి అమ్ముతుంటాడు.

ఒకరోజు వాడే ఫోన్ చేశాడు. "మామా, నువ్వు కావాలంటాంటివే, అట్లాంటి బండి దొరికింది. ఎర్రది. ఈ రేటుకు ఇంగ యాడా దొరకదు."

పోయి చూశాను. రెండే తలుపులు. వెనక సీటులో చిన్నపిల్లలు తప్ప పట్టరు. ఇంత తక్కువకు ఎందుకిస్తున్నారని అడిగాను.

"ఓనరు ఊరిడిసి పోతాండాడు, తొందరలో ఉండాడు. ఏంది, నా మీద నమ్మకం ల్యాదా?"

ఆ మాట తర్వాత బండి కిందికి వంగి చూడటానికి కూడా మొహమాటపడ్డాను.

ఇంటికి తెస్తే నా భార్య చుట్టూ తిరిగి చూసి, "సంచులు యాడ పెట్టుకోవాల దీంట్లో?" అంది. అయినా ఆదివారం మా చిన్న కూతురిని వెనక కూర్చోబెట్టుకుని పులివెందులలో వాళ్లక్క ఇంటికి అందులోనే బయల్దేరాం. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా తల్లీకూతుళ్లు దిగి నడిచేవాళ్లు, నేను బండిని ఏటవాలుగా దాటించేవాణ్ణి. బస్టాపుల్లో జనం నవ్వారు. ముద్దనూరు దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. కాలు నొక్కాను. "ఇంకా జోరుగా పోనీ నాయనా!" అని వెనక నుంచి కూతురు అరిచింది. పక్కకు చూస్తే నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అంత సంతోషం ఆ కారే ఇచ్చింది, కాదనను.

వానలు మొదలయ్యాక ఏసీ వేస్తే ఏదో కంపు రాసాగింది. కారమ్మిన స్నేహితుడికి చెబితే, "సెంటు సీసా పెట్టుకో మామా" అన్నాడు.

ఒక సాయంత్రం పులివెందుల నుంచి తిరిగొస్తున్నాం. చీనీ తోటల దగ్గర మలుపులో ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుంది, బ్రేకు రాయిలా మారింది. ఎదురుగా లారీ. ఒళ్లంతా బలం పెట్టి తిప్పితే కారు కంపచెట్లలోకి దూరి ఆగింది. లారీ మా అద్దాన్ని ఊడగొట్టుకుంటూ పోయింది. కూతురి నుదురు ముందు సీటుకు కొట్టుకుని చీలింది. ఎవరో ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. కుట్లు వేస్తుంటే అది నా వేలు వదల్లేదు.

మరుసటి రోజు బండిని ఇంటికి లాగించి, నెత్తుటి మరకలు కడుగుదామని లోపలి కార్పెట్టు ఎత్తాను. దాని కింద ఎండి నెర్రెలిచ్చిన బురద. సీటు బోల్టులన్నీ తుప్పు. కారు ఎప్పుడో వరదలో మునిగింది; ఆ కంపూ, ఇంజను ఆగిపోవడమూ అందుకే.

జమ్మలమడుగు పోయి నిలదీశాను. "మునిగిన బండని నీకు తెలుసునా?"

"తెలుసు. అందుకే కదప్పా అంత తక్కువకు వచ్చింది. చెప్పింటే నువ్వు కొనింటావా?"

"నా బిడ్డ నుదుటికి కుట్లు పడినాయి."

"నా కాడ శానామంది కొన్నారు, ఎవురికీ ఏం కాలా. నువ్వే జోరుగా తోలింటావు," అన్నాడు.

తెలీదని బొంకినా బాగుండేది. నేను బస్సెక్కాను.

కారు కొంటానని పులివెందుల నుంచి ఒకాయన వచ్చాడు. సంగతంతా చెప్పాను. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. చివరికి పాత ఇనుము అంగడికి ఇచ్చేశాను.

మొన్న ఒక పెళ్లిలో వాడు ఎదురుపడ్డాడు. "బాగుండావా మామా?" అన్నాడు. "ఉండా" అన్నాను. పక్కనే నిలబడిన నా కూతురి నుదుటి మీద మచ్చ చూసి, ఫోన్ వచ్చినట్టు జేబు తడుముకుంటూ బయటికి వెళ్లాడు.