కాళ్లతో విన్న ఇంగ్లీషు

మా చెల్లెలు కాలేజీ ఇంగ్లీషు పరీక్షను చెవులతో కాదు, కాళ్లతో విని పాసయింది. సరే, చెవులు కూడా కొంత సాయం చేశాయనుకోండి. ఆ రోజుల్లో మా ఇల్లంతా ఒకటే గది, అందులో సగం అమ్మ కుట్టుమిషనే. పరీక్ష తప్పితే చదువు మాన్పించి ఆ మిషను ముందే కూర్చోబెడతానని నాన్న చెప్పేశాడు. అందుకని పిల్ల అమ్మకు సాయంగా మిషను తొక్కి కుడుతూనే చదివేది. ఇంగ్లీషు పేజీని దారపుండ కింద నొక్కిపెట్టి, పెదవుల మధ్య గుండుసూదులు బిగించి, పక్కన టేపురికార్డరు పెట్టుకునేది; ఆ పరీక్షలో ఇంగ్లీషు విని జవాబులు రాయాలి మరి. క్యాసెట్టులో ఒకావిడ రైళ్ల వేళలు చెబుతుంటే, అర్థమైనప్పుడల్లా సూదుల సందులోంచి “ఊఁ” కొట్టేది.

తీరా పరీక్ష హాల్లో హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే మిషను చప్పుడు లేదు. మాటలు వినబడుతున్నాయి గానీ ఒక్కటీ బుర్రకెక్కదు. ఏడుపు ముంచుకొస్తుండగా బల్ల కింద కాళ్లు వాటంతటవే తొక్కడం మొదలుపెట్టాయి. అంతే, ఇంగ్లీషు గడగడా అర్థమైపోయింది.

“ఏమ్మా, సైకిలెక్కావా?” అని ఇన్విజిలేటరు గదమాయించాడు.

“ఆపితే ఇంగ్లీషు కూడా ఆగిపోతుంది సార్!”

ఆయన నవ్వాపుకుని, “అయితే చెప్పులు విప్పి తొక్కు” అన్నాడట. పిల్ల పాసయింది, చదువు నిలిచింది. ఇప్పుడా గది లేదు, అమ్మా లేదు. టైలరు దుకాణం ముందునుంచి వెళ్తే మాత్రం నాకు ఇప్పటికీ రైళ్ల వేళలు వినిపిస్తాయి.

నిన్న మనవలకిదంతా చెబుతుంటే చెల్లెలు కళ్లజోడు తీసి నావైపు చూసింది.

“ఒట్టి కోతలు, అన్నయ్యా! అమ్మది చేత్తో తిప్పే మిషను.”