రాకాసి గుడిలో బాపమ్మ గొంతు

నా చిన్నప్పుడు మా ఊరి గుట్టమీది రాకాసి గుళ్ళంటే పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకూ హడలే. నాలుగు పక్కలా బండలు నిలబెట్టి, పైన ఇంకో పెద్ద బండ కప్పిన ఏనాటివో సమాధులవి. మా బాపమ్మ మాత్రం వాటిలో ఒకదాన్ని తాతయ్యకు రాసిచ్చేసింది! బొంబాయి మిల్లుకు వెళ్ళిన తాతయ్య అక్కడే పోయాడు. శవం రాలేదు, ఊళ్ళో సమాధి లేదు. మరి పెద్దలకు పెట్టే పెత్రమాస అమావాస్య నాడు పేరు పిలిచి అన్నం ఎక్కడ పెట్టాలి?

ఒక ఏడు నన్నూ లాక్కెళ్ళింది. బండ ముందు విస్తరి పెట్టి, "కండ్లు మూస్కొని పిలువు బిడ్డా, తాత పలుకుతడు" అంది. కళ్ళు గట్టిగా మూసుకుని పిలిచాను. "ఆఁ... అచ్చిన బిడ్డా" అని మగ గొంతు! పరుగు లంకించుకున్నాను. అంతలో వెనకనుంచి దగ్గు వినిపించింది. అది బాపమ్మ చుట్టదగ్గు. తిరిగొచ్చి చూస్తే బండ వెనక కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "ఎవలో ఒకలు పలకాలె గద బిడ్డా" అంది.

పెద్దయ్యాక దుబాయ్ వచ్చాను, ఇక్కడే ముసలివాణ్ణయ్యాను. నేనే తెచ్చి పనిలో పెట్టిన తమ్ముణ్ణి, కరోనా ఏడాది అల్ వర్సాన్‌లోని మా క్యాంపు గదినుంచి అంబులెన్సులో తీసుకుపోయారు. తరవాత ముదీర్, అంటే మా మేనేజరు, ఫోన్ చేసి "ఖలాస్" అన్నాడు. అంతే. ముఖం కూడా చూపించలేదు. చూడలేదు కాబట్టి నమ్మలేదు. ఏ ఆసుపత్రిలోనో ఉండి ఉంటాడని, ఎవరో పొరబడ్డారని పిచ్చివాడిలా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

పోయిన పెత్రమాసకు, అల్ ఐన్ కొండ కింద వేల ఏళ్ళనాటి రాతి సమాధులున్నాయని విని, నెల్లూరు డ్రైవర్ భాయిని బతిమాలుకుని వెళ్ళాను. నడుం వంచితే తప్ప దూరలేని వాకిలి. అన్నం పొట్లం విప్పి తమ్ముణ్ణి పిలిచాను. మళ్ళీ పిలిచాను. బాపమ్మలా నేనే పలుకుదామని నోరు తెరిచాను గానీ, "అచ్చిన అన్నా" అనలేకపోయాను. "యల్లా చాచా, ఎండ ముదురుతా ఉండాది, పోదాం పా" అన్నాడు భాయి.

పోయినవాళ్ళు పలకరని, వాళ్ళ తరఫున మనమే పలకాలని బాపమ్మ ఆ రోజు నేర్పింది. అందులో మొదటి సగమే నాకు వచ్చింది. తమ్ముడు లేడని ఆ వాకిట్లోనే నమ్మాను. నమ్మనప్పుడే నయం, కనీసం వాడికోసం ఎదురుచూసేవాణ్ణి.